ఆరిపోయిన బాయిలర్

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎలాగోలా ముట్టించి వెళ్ళు. పాప చలికి కొయ్యబారిపోతోంది," అంది బురుల్.

కొండల నడుమ ఉన్న నరీన్ పట్టణంలో ఆ ఉదయం చలి సున్నాకి ముప్పై డిగ్రీల కిందికి దిగింది. తెల్లవారుజామున, ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్ గొట్టం పగిలి, నీళ్ళు కారి, బొగ్గుల మంట ఆరిపోయింది. భర్త గొర్రెల మందతో కొండల్లో ఉన్నాడు. ఇంట్లో తనూ, నాలుగేళ్ళ కూతురు మీరిమూ.

మెకానిక్ జపార్ గొట్టం అతికేశాడు కానీ మంట పెట్టలేదు. పొగగొట్టం ఊడదీసి లోపల చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు.

"ముట్టించవేం? నీకు పిల్లల్లేరా?" అని అరిచింది.

"రాత్రి పాప ఎలా ఉంది చెల్లెమ్మా?"

"తలనొప్పని ఒకటే ఏడుపు. రెండుసార్లు వాంతి చేసుకుంది. జలుబనుకున్నా. ఇప్పుడే కాస్త తేరుకుని రొట్టె అడిగింది."

"మరి నీకు?"

"నాకూ తల పగిలిపోయింది. పొద్దున్నించే నయం. మా తలనొప్పుల సంగతి ఇప్పుడెందుకు?"

జపార్ ఇటుకంత మసి గడ్డ ఒకటి బయటికి లాగి ఆమె ముందు పెట్టాడు.

"దారి పూడుకుపోయింది. బొగ్గు విషవాయువు బయటికి పోలేక మీ గదిలోకే వచ్చింది. దానికి వాసన కూడా ఉండదు. మంట ఆరిపోబట్టి మీరిద్దరూ నిద్ర లేచారమ్మా."

బురుల్ అతుకు వేసిన గొట్టం వైపు చూసింది. పొద్దున్నించీ ఆ పగిలిన గొట్టాన్ని తిట్టని తిట్టు లేదు.

"ఇదంతా శుభ్రం చేసేసరికి సాయంత్రమవుతుంది. పాపని మా ఇంటికి తీసుకెళ్ళు. మా ఆవిడ ఉంది."

ఆమె మీరిమ్‌ని గొర్రెతోలు కోటులో చుట్టి ఎత్తుకుంది. గడప దాటబోయి ఆగింది. వెనక్కి వచ్చి, చలి రాకుండా కిటికీ సందుల్లో తన చేత్తో కుక్కిన గుడ్డపీలికలన్నీ ఒక్కొక్కటే లాగేసింది.