గిన్నెలు అడగడానికొచ్చారు

డ్వేన్ నా జుట్టు పట్టుకుని మూడోసారి తలను గోడకేసి కొడుతుండగా ఎవరో తలుపు తట్టారు.

"నోరెత్తావో చంపేస్తా," అని నన్ను వంటగదిలోకి తోసి, తలుపు ఓరగా తీశాడు.

చర్చిలో పియానో వాయించే ఆర్డిస్ గారు. "మా గాజు గిన్నె కావాలి నాయనా."

"మా ఆవిడకింకా జ్వరం తగ్గలేదు. రేపు పంపిస్తా."

"నెల్లాళ్ళ జ్వరమా! యేసుప్రభువు చచ్చి లేవడానికే మూడు రోజులు పట్టింది. జరుగు."

వాణ్ణి నెట్టుకుని లోపలికొచ్చారు. వెనకే మంచు దులుపుకుంటూ మరో నలుగురు. నాకు జ్వరమని వంట పంపినవాళ్ళే అందరూ.

"ముసలిదానా!" డ్వేన్ పిడికిలెత్తాడు. వాళ్ళలో వర్నా పొయ్యి మీంచి అందుకున్న ఇనప పెనం వాడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకూ వినబడింది. వాడు అరుస్తూ కూలబడ్డాడు.

"ప్రభువా, క్షమించు," అంది వర్నా, పెనం మళ్ళీ ఎత్తుతూ.

గిన్నెల అడుగున అంటించిన పేర్లు చూసుకుని ఎవరి గిన్నె వాళ్ళు తీసుకున్నారు.

"ఎప్పుడో తిరిగివ్వాల్సింది," అన్నాను సిగ్గుతో, నెత్తురు తుడుచుకుంటూ.

"పిచ్చిపిల్లా, గిన్నె నీ దగ్గరుంటేనేగా మేం తలుపు తట్టేది!"

అంటూ ఆర్డిస్ గారు తన కోటు విప్పి నాకు కప్పారు.

"మాది ఇంకొకటి మిగిలింది," అని వాడితో చెప్పి, నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించారు.