తొంభై కిలోల దొంగ

"పోలీసులకు ఫోన్ చెయ్యండి మామయ్యా. దొంగ దొరికాడు," అన్నాడు శ్యాంసుందర్.

దొంగ అంటే డ్రైవర్ డేవిడ్. మిర్యాలగూడలోని వెంకటేశం రైస్ మిల్లు నుంచి కోదాడ హోల్‌సేల్ షాపుకు బియ్యం లారీ తోలేది అతనే. మూడు వారాలుగా ప్రతి లోడూ కోదాడ వేబ్రిడ్జి మీద, మిల్లులో తూచినదానికన్నా తొంభై కిలోలు తక్కువ తూగుతోంది. బస్తాలు లెక్కపెడితే సరిపోతున్నాయి. బరువే సరిపోవడం లేదు.

"బస్తాకింత లాగుతున్నాడు," అన్నాడు శ్యాంసుందర్. "ఉద్యోగం తీసెయ్యడం ఒక్కటే కాదు, కేసు పెట్టాలి."

డేవిడ్ రెండు చేతులూ జోడించాడు. "కేసయితే నా లైసెన్సు పోతది సేటూ. పదిహేనేండ్ల సంది నీ బండే తోల్తున్న."

వెంకటేశం ఫోను చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. ఒక పక్క పదిహేనేళ్లుగా ఉన్న డ్రైవరు. ఇంకో పక్క అల్లుడు.

అల్లుడు శ్యాంసుందర్ హైదరాబాద్‌లో రెండేళ్లు సప్లై చైన్ చదివి వచ్చాడు. వచ్చిన నెలలోనే, ముప్పై ఏళ్లుగా బాగానే నడుస్తున్న మిల్లును బాగుచేయడం మొదలుపెట్టాడు. అంతకుముందు లారీ హుజూర్‌నగర్ మీదుగా నేరుగా కోదాడ పోయేది. ఇప్పుడు సూర్యాపేట చుట్టి పోతోంది, ఎందుకంటే అక్కడ 'హబ్' ఉంది. హబ్ అంటే అద్దెకు తీసుకున్న ఖాళీ రేకుల షెడ్డు. అక్కడ ఏదీ దించరు, ఏదీ ఎక్కించరు. ఒక స్టాంపు వేస్తారు. మ్యాప్‌లో గీతలు మాత్రం చాలా అందంగా కనిపిస్తాయి.

గేటు దగ్గర ముసలి ముత్తయ్య ప్రతి లారీనీ కిందా మీదా తడిమి చూసి గానీ వదిలేవాడు కాదు. శ్యాంసుందర్ స్టాప్‌వాచ్ పట్టుకుని చూశాడు. పదకొండు నిమిషాలు! దాన్ని 'వాల్యూ యాడ్ చేయని పని' అని తేల్చి, ముత్తయ్యను పూలమొక్కలకు నీళ్లు పోయమన్నాడు.

ఆ పని స్థానంలోకి టెక్నాలజీ వచ్చింది. అంటే తనే వచ్చాడు. టార్పాలిన్ తాడుకు స్వయంగా సీలు వేస్తాడు. లోడు లారీ మిల్లు వేబ్రిడ్జి ఎక్కగానే క్యాబిన్‌లోకి ఎక్కి డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంటాడు. జీపీఎస్ ఆన్ చేసి, సీలు నంబరు ట్యాబ్‌లో కొడతాడు. బరువు నోట్ చేసే రజిత గదిలోంచి "ఓకే సార్" అని అరిస్తే దిగుతాడు. ఇంకొకరిని నమ్మడు.

"ఇదిగో జీపీఎస్. రోజూ సూర్యాపేటలో అచ్చమ్మ మెస్ దగ్గర పది నిమిషాలు ఆగాడు," అన్నాడు ట్యాబ్ చూపిస్తూ.

"టిఫిన్ తినొద్దా సారూ? సీలు గిట్ల తెగిందా మరి?"

"తెగకుండా తీశావు. అదే నీ తెలివి."

అప్పుడు రజిత గదిలోంచి బయటికి వచ్చింది. "సార్, పోయిన మంగళవారం మీరు లీవుల ఉన్నరు. ఆ దినం ఒక్క కిలో గూడ తక్కువ రాలే."

"అదే కదా! నేను లేనప్పుడు మంచోడిలా నటించాడు."

వెంకటేశం అల్లుడి వైపు ఒక రకంగా చూశాడు. "నువ్వు కావలుంటె దొంగతనం జేసి, లేకుంటె ఊకున్నడా?"

"జర నన్ను చెప్పనియ్యి సేటూ," అంది రజిత. "ఖాళీ లారీ తూచినప్పుడు సార్ దాంట్ల ఉండడు. లోడు తూచినప్పుడు ఉంటడు. కోదాడల తూచినప్పుడు మళ్ల ఉండడు. మరి సార్ బరువు యాడికి పోతున్నట్టు?"

మొదట నవ్వింది హమాలీలు.

బస్తాలు తూచే చిన్న కాటా అక్కడే ఉంది. హెల్మెట్టూ లాప్‌టాప్ బ్యాగుతో సహా శ్యాంసుందర్‌ను దాని మీద నిలబెట్టారు. అంకెలు కనబడే డబ్బా రజిత బల్ల మీద, ఆమె వైపు తిరిగి ఉంది.

"తొంభై," అని చదివి స్విచ్ ఆపేసింది.

"అంతెందుకుంటాను? నేను అరవై అయిదే!"

"అది పెండ్లప్పుడు సార్. కండ్లను గాదు, డేటాను నమ్మాలెనని మీరే గద చెప్పిన్రు."

"మా ఇంటి కూడు మంచిగనే పట్టింది తియ్యి అల్లుడా," అని వెంకటేశం ఫోను జేబులో పెట్టుకున్నాడు. డేవిడ్ భుజం తట్టి టీ తెప్పించాడు.

ఇంకొకడైతే క్యాబిన్ ఎక్కడం మానేసేవాడు. శ్యాంసుందర్ చదువుకున్నవాడు. ప్రాసెస్ మార్చకూడదన్నాడు. ప్రతి లోడు బరువులోంచి దానంతటదే తొంభై కిలోలు తీసేసేలా సాయంత్రానికల్లా సాఫ్ట్‌వేర్ మార్చాడు. దానికి 'హ్యూమన్ ఫ్యాక్టర్' అని పేరు కూడా పెట్టాడు.

మర్నాడు లారీ వేబ్రిడ్జి ఎక్కింది. శ్యాంసుందర్ ఎక్కాడు, కూర్చున్నాడు, నంబరు కొట్టాడు, దిగాడు. మధ్యాహ్నం కోదాడ నుంచి కబురు వచ్చింది. బరువు కిలో తేడా లేకుండా సరిపోయింది. అతను ఆ స్క్రీన్ ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ముత్తయ్య పూలమొక్కలకు నీళ్లు పోస్తున్నాడు.

రజిత తన గది తలుపు దగ్గరగా వేసి, సూర్యాపేటలో మెస్ నడిపే తల్లి అచ్చమ్మకు ఫోన్ చేసింది.

"ఇగ పరేషాన్ గాకమ్మా, సార్ లేని మంగళవారం ఆపినట్టు ఆపే పనిలేదు. సార్ అరవై అయిదే ఉన్నడు, కానీ ఆయన కూసున్న సీటు కింద నీకు పంపే పాతిక కిలోల బియ్యం బస్తను గూడ ఆయనే కంప్యూటర్ల ఎక్కిచ్చిండు."