గేటు బయటికి

“బండి తెండి! బొగ్గు తోలే ఒంటిచక్రం బండి!” అని అరిచింది ఉస్తీన్య.

రంగుల షెడ్డులో ఎవరూ కదల్లేదు. నేత మిల్లు ఆ ఉదయమే ఆగింది. తొట్టిలో రంగు ఇంకా సలసల కాగుతూనే ఉంది. ఆ తొట్టి అంచున మేస్త్రీ కొంద్రాత్‌ను నలుగురు పట్టుకుని ఉన్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టేశారు.

“నువ్వు ఇంటికి పో ఉస్తీన్యా. ఇది నువ్వు చూడాల్సింది కాదు,” అన్నాడు ముసలి నికనోర్. సమ్మెకు పెద్దగా పొద్దున్నే అతన్ని ఎన్నుకున్నారు.

“ముప్పై ఏళ్లుగా ఈ మగ్గాల మధ్య చూడకూడనివన్నీ చూశా. జరుగు.”

నికనోర్ తప్పుకున్నాడు. అతని వెనకున్న వాళ్లూ దారిచ్చారు.

కొంద్రాత్ పైనుంచి ఊడిపడ్డవాడేం కాదు. ఆ పేటలోనే పుట్టి, ఆ మగ్గాల కిందే దూది ఊడ్చి పెరిగాడు. మేస్త్రీ అయ్యి, కోటుకు వెండి గొలుసు వేలాడేసరికి కళ్లు నెత్తికెక్కాయి. మొన్న లుకేర్య ఏడు నెలల కడుపుతో మగ్గం ముందు నిలబడలేక, కాసేపు కూర్చుంటానని బతిమాలింది. “జార్ గారి రాజ్యంలో కూర్చునేది జార్ ఒక్కడే,” అన్నాడు వెధవ. పైగా నవ్వాడు. సాయంత్రానికి లుకేర్య కుప్పకూలింది. పరిగెత్తి పట్టుకున్నది ఉస్తీన్యే. ఊపిరి లేని బిడ్డను చేతుల్లోకి తీసుకున్నదీ ఆమే.

ఇప్పుడు కొంద్రాత్ కాలరు పట్టుకున్నవాడు యెఫీమ్, లుకేర్య మొగుడు.

“పిన్నీ, అడ్డు రాకు. చచ్చింది నా బిడ్డ.”

“నాకు తెలీదట్రా? ఈ చేతుల్లోకే కదా జారింది!”

“మరి వీణ్ణి తొట్టిలో వెయ్యొద్దంటావేం?”

“వేస్తే చిటికెలో పోతాడు. ఆ తర్వాతో? జనవరిలో దండాలు పెట్టుకుంటూ జార్ దగ్గరికి అర్జీ పట్టుకెళ్లిన వాళ్లనే కాల్చి పారేశారు. వంతెన అవతల జార్ సైనికులు, ఆ కొసాక్కులు, గుర్రాలెక్కి కూర్చున్నారు. వాళ్లకి శవాన్ని చూపిస్తావా? నిన్ను ఉరి తీస్తారు. నీతో పాటు ఇంకో పదిమందిని తీస్తారు. బిడ్డ పోయి, మొగుడూ పోతే లుకేర్య గతేంట్రా?”

యెఫీమ్ పట్టు కొంచెం సడలింది. కోపం మాత్రం సడలలేదు.

“నీ నోట ఇంకేం మాట వస్తుందిలే,” అని నేల మీద ఉమ్మాడు.

ఉస్తీన్య మొహం జేవురించింది. గబగబా వెళ్లి కొంద్రాత్ చెంప ఛెళ్లుమనిపించింది. షెడ్డంతా ఆ చప్పుడు వినిపించింది.

“జార్ ఒక్కడే కూర్చోవాలా? ఇవాళ నిన్ను కూర్చోబెడతాం రా, బండిలో!”

బండెక్కడం అంటే ఏమిటో ఆ ఊళ్లో పాలు తాగే పిల్లాడికీ తెలుసు. తలకు గోనెసంచి తొడిగి, బండిలో కుదేసి, చెత్తను పారబోసినట్టు గేటు బయట పారబోస్తారు. అలా పోయినవాణ్ణి యజమాని మళ్లీ పనిలోకి తీసుకుంటే మగ్గం ఒక్కటీ ఆడదు. సారా కొట్టులో వాడి పక్కన ఎవడూ కూర్చోడు. బతికినన్నాళ్లూ బండెక్కినవాడనే పేరే మిగులుతుంది.

“బండే! బండే!” అని ఆడవాళ్లు అందుకున్నారు. నికనోర్ యెఫీమ్ భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపటికి యెఫీమ్ కాలరు వదిలేసి, మొహం అటు తిప్పుకున్నాడు.

“నన్ను క్షమించు,” అని గొణిగాడు కొంద్రాత్.

“నన్నెందుకురా అడుగుతావు? లుకేర్య కాళ్ల మీద పడి అడుగు!” అంటూ ఉస్తీన్య తానే గోనెసంచి తొడిగింది. అందులో ఎర్ర రంగు పొడి మిగిలి ఉంది. లోపల అతను ఉక్కిరిబిక్కిరై దగ్గాడు.

“నేనే తోస్తా. ఎవరూ చెయ్యి వెయ్యొద్దు.”

“బరువు పిన్నీ, నీవల్ల కాదు,” అంది ఒక పిల్ల.

“ఇంతకన్నా బరువు మోశాలే.”

పళ్లు బిగించి తోసింది. రెండు వైపులా జనం ఇనప కడ్డీలు వాయించారు, బూడిద చల్లారు, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టారు. ఎవరో విసిరిన రాయి గురి తప్పి ఉస్తీన్య భుజానికి తగిలింది. ఆమె ఆగలేదు. విసిరిందెవరని వెనక్కి తిరిగి చూడనూ లేదు.

గేటు దగ్గర జనం ఆగిపోయారు. అవతలికి ఆమె ఒక్కతే తోసుకుపోయింది. ఏటిగట్టున బూడిద కుప్ప మీద బండి వంచేసింది. కొంద్రాత్ దొర్లి, బోర్లా పడ్డాడు. ఆమె కట్లు విప్పింది, సంచి లాగేసింది. రొప్పుతూ నిలబడింది.

“ఇక ఏ మిల్లులోనూ నీకు పని దొరకదు. మేస్త్రీగిరీ లేదు, గొలుసూ లేదు. రాళ్లు కొట్టుకో, మట్టి మోసుకో. ఆ బిడ్డ మాత్రం రోజూ గుర్తు రావాలి నీకు.”

ఎర్ర రంగు పులిమిన మొహంతో అతను బావురుమన్నాడు.

“ఇప్పుడు నేనెక్కడికి పోను?”

“ఇంటికి,” అంది అతన్ని కన్న తల్లి.