నాలుక పరీక్ష

1958 ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. పెదకాకాని దాపున ఒక పల్లెలో, పంచాయతీ ప్రెసిడెంటు బాపయ్యగారి వసారాలో ముగ్గురున్నారు: బాపయ్యగారు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆయన కూతురు మల్లేశ్వరి, ఇంట్లోనే సబ్బు కాచే చెంచురామయ్య. తన సబ్బు పసిబిడ్డల ఒంటికి మంచిదని రాసి తెచ్చిన పత్రం మీద ప్రెసిడెంటుగారి సంతకం పడితే, చీరాలలో అమ్ముకోవచ్చునని చెంచురామయ్య ఆశ.

“ఈ సబ్బుతోనే మా బుడ్డోడి ఒళ్లంతా కందింది, బాబాయ్,” అంది మల్లేశ్వరి.

“ఒంటిని కాల్చే క్షారం సబ్బులో మిగిలితే, ఆనించగానే నాలుక చురుక్కుమంటుందమ్మా. ప్రతి వాయీ నేనే నాకి చూస్తా. మీరూ చూడండి, ప్రెసిడెంటుగారూ!”

బాపయ్య నాకి చూశాడు. “వెన్నలా ఉందయ్యా! పొద్దున తిన్న గొడ్డుకారమే దీనికంటే ఎక్కువ మండింది.” కలం తీశాడు.

“ఇటివ్వండి నాన్నా.” మల్లేశ్వరి సబ్బుకు నాలుక ఆనించి, చప్పున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అబ్బా, కాలింది!”

“మాకు తెలియని మంట నీకెక్కడిదే?”

“కాన్పయిన నాటినుంచీ నాది పత్యం కూడు. కారం మొహం చూడలేదు. మీ నాలుకలు ఏనాడో మొద్దుబారాయి!”

చెంచురామయ్య సబ్బు చేతిలోకి తీసుకున్నాడు. “అయితే ఇన్నేళ్లూ నేను పరీక్షించింది సబ్బును కాదు, నా నాలుకనా!” అన్నాడు.

బాపయ్య పత్రంలో ‘పసిబిడ్డల’ అన్న మాట కొట్టివేసి, ‘నిత్యం మిరపకారం తినే పెద్దల’ అని దిద్ది, సంతకం చేశాడు.

చెంచురామయ్య దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.