పసుపు రేకులు

కోస్గిలో పెళ్లికి పోయి నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చిన పరశురాములుకు తన బెండ చేనులో పసుపు రేకులు కనిపించాయి.

డబ్బాలు కోసి తీసిన రేకులు అవి. ఒక్కో రేకు ఒక్కో కర్రకు కట్టి ఉంది. రేకుల మీద ఆముదం పూసి ఉంది.

తూర్పు గట్టు మీద పీకేసిన బెండ మొక్కల కుప్ప. కుప్ప పక్కన ఒక ఆమె కూర్చుని ఇంకో రేకుకు రంగు వేస్తోంది.

"ఎవరే నువ్వు? నా చేన్ల నీకేం పని?"

"సోమమ్మ. చౌటుప్పల్ దిక్కు మాది. ఆకు పసుపుబడ్డ చెట్లు పీకిన అయ్యా. ఉంచితే పక్క చెట్లకు అంటుతది."

"పూతకొచ్చిన చెట్లు పీకుతవా?"

"అవి ఇగ కాయవు. తెల్లదోమ ఆ రోగాన్ని చెట్టు మీదికెల్లి చెట్టు మీదికి మోస్తది. ఎంత మందు కొట్టిచ్చినా ఆ ఆకు మళ్ల మంచిగ కాదు. కౌలు చేన్ల నేను గిట్లనే పంట నిలబెట్టుకున్న. మందు కొట్టియ్యకు అయ్యా. ఎవ్వలకూ వీపు మీదికి పంపు ఎత్తకు."

పరశురాములు ఫోన్ తీశాడు.

చేను పానగల్ శివారులో రోడ్డు పక్కనే ఉంది. కాసేపట్లో పదిమంది చేరారు.

"పసుపు, ఆముదం. ఇంకేం కావాలె? బాణామతే," అంది పక్క చేను నర్సింగమ్మ.

"దోమలు అంటుకునేటందుకు పెట్టిన అక్కా. జర చూడు." సోమమ్మ ఒక రేకు ముందుకు చాపింది.

"అమ్మో, మొఖం మీదికి తెస్తాంది!" నర్సింగమ్మ వెనక్కి జరిగింది.

"గీ చేను మీద పోయినేడు సుత ఎవరో చేసిండ్రు," అన్నాడు రఘుపతి. ఊళ్లో పురుగుమందుల దుకాణం ఆయనదే. "మందు కొట్టేటోడు గీడనే పడె. యాదికున్నదా?"

"ఎందుకు లేదు? దవాఖానల పాణం పోయిందట," అంది నర్సింగమ్మ.

సోమమ్మ కుంచె కింద పెట్టింది.

"ఆయన పేరేంది?"

నర్సింగమ్మ రఘుపతి దిక్కు చూసింది.

"మీ పని చేస్తాంటె పడె. పేరు సుత ఎరుకలేదా?"

"కూలీల మేస్త్రి తోలుకొచ్చిండు. పేరు ఎవలకెరుక? నీకెందుకే అది?" అన్నాడు పరశురాములు.

"మోటరు కొట్టంల మేకుకు ఒక మందు పంపు ఉన్నది. అది ఇయ్యి. నేను పోత."

"సూసిండ్రా? మంత్రం ఒక్కటే కాదు, దొంగతనం సుత వచ్చు," రఘుపతి నవ్వాడు.

"దొంగను కాదు. ఆ పంపు..."

పరశురాములు ఆమె చెంప మీద కొట్టాడు.

ఆమె మాట పూర్తి చేయలేదు. సంచి తీసుకుని లేచింది. ఇద్దరు వెంట నడిచి శివారు దాటించారు. మిగిలినవాళ్లు రేకులు పీకి కాలువలో పడేశారు.

ఆ సాయంత్రమే రఘుపతి మందు డబ్బాలు దింపించాడు. నెలలో నాలుగుసార్లు కొట్టించారు. నాలుగోసారి కొట్టిన సాయిలు రెండు రోజులు వాంతులతో మంచం దిగలేదు. అయిదోసారికి ఎవరూ రాలేదు.

అప్పటికి చేను దాదాపు అంతా పసుపుబడింది. కాయలు పాలిపోయి గట్టిపడ్డాయి. నల్లగొండ బజారులో ఎవరూ ముట్టుకోలేదు.

వ్యవసాయ విస్తరణాధికారి ప్రణీత వచ్చి చేను చుట్టూ తిరిగింది. తూర్పు మూల ఆగింది.

"ఈ నాలుగు సాళ్లు మంచిగున్నయి. ఇక్కడ రోగం మొక్కలు ఎవరు పీకిండ్రు?"



గడ్డిలో ఒక పసుపు రేకు మిగిలిపోయింది. ప్రణీత దాన్ని తీసి చూపింది.

"ఎన్ని తెల్లదోమలు అంటుకున్నయో చూడు. పసుపు రంగు కనవడితే వచ్చి వాలుతయి. ఎవరు పెట్టిండ్రు ఇది?"

"ఒక ఆమె, మేడం."

"ఏది? పిలువు."

"ఎళ్లగొట్టినం. బాణామతి అనుకున్నం." ఆగి అన్నాడు: "కొట్టిన సుత."

"నీ మందుకు దోమ సావలే. దోమను తినే పురుగులు సచ్చినయి. ఊరూరు తిరిగి మేం మొత్తుకునే పని ఆమె అడగకుండ వచ్చి చేస్తే, కొట్టినవా?"

రేకును ఆయన చేతిలో పెట్టి ప్రణీత బండెక్కింది.

సోమమ్మ అడిగింది పంపు ఒక్కటే. అదైనా చౌటుప్పల్ పోయి ఇచ్చి వద్దామని పరశురాములు మోటరు కొట్టంలోకి వెళ్లాడు.

పోయినేడు చేనులో పడిపోయిన మనిషి వీపు మీది నుంచి విప్పి మేకుకు తగిలించిన పంపు అది. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టలేదు.

దించి, ట్యాంకు మీది దుమ్ము తుడిచాడు.

తెల్ల రంగుతో రాసిన రెండు పేర్లు కనిపించాయి: ఇస్రాయేలు, సోమమ్మ.