అడక్కుండా వేసే కొసరు

ఇడ్లీ ఫ్రాంచైజీ కోసం అనకాపల్లి మంగతాయారు, కంపెనీ అడిగినవన్నీ సమకూర్చింది. రోడ్డు ముఖంగా గది, డిపాజిట్టు, వండే యంత్రాలకు త్రీఫేజు కరెంటు. ఇక మిగిలింది వడ్డన పరీక్ష. వంటంతా యంత్రాలదే అయినా వడ్డించడానికి మనిషే ఉండాలన్నది ఆ కంపెనీ నియమం. పరీక్ష పెట్టడానికి హెడ్డాఫీసు నుంచి మరమనిషి వచ్చింది.

పది ప్లేట్లు. ప్లేటుకు నలభై గ్రాముల చట్నీ, ఎక్కువా తక్కువా కాకూడదు. తాయారు గరిటె సరిగ్గా నలభై దగ్గర ఆగింది. ఆ వెంటనే ఇంకో అర గరిటె పడింది. పదిసార్లూ అంతే.

"అదనంగా ఎందుకు వేశారండీ?" అని మరమనిషి అడిగింది.

"కొసరు బాబూ. అడక్కుండా ఎయ్యాలి."

"ఎన్ని గ్రాములు?"

"గ్రాములేటి? మనిషి మొహం చూసి ఏస్తాం."

భర్త సన్యాసిరావు తల పట్టుకున్నాడు. "ఆర్నెల్ల తిరుగుడూ గంగలో కలిసిపోయింది."

మరమనిషి ఫలితం రాసే ఫారం తీసింది. తర్వాత, "నా ఛార్జింగు అయిపోవస్తోంది. ఫలితం పంపడానికి పది నిమిషాలు కరెంటు ఇప్పిస్తారా?" అంది.

దాని మొహంలో మినుకుమంటున్న ఎర్ర దీపాన్ని తాయారు చూసింది. "పొద్దుట్నుంచీ తిరుగుతున్నట్టున్నావు" అంటూ తీగ తగిలించింది. పది నిమిషాలైనా తియ్యలేదు. గంట ఉంచింది.

నిండా ఛార్జింగుతో లేచిన మరమనిషి, ఫారంలో 'చట్నీ నలభై గ్రాములు' అన్నచోట నలభైకి ముందు 'కనీసం' అని చేర్చి, కింద ముద్ర వేసింది.