చీకట్లో టిక్కులు

టీవీ మెకానిక్ పళ్లు పటపట కొరికాడు. పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకుని, వెలుగు రేణువుల్ని ఒక్కొక్కటిగా పట్టే యంత్రాన్ని సామాన్ల గదిలో మూడేళ్లుగా కట్టుకుంటున్నాడు. రేణువు తగిలితే అది టిక్కుమంటుంది. దానిలోకి వెలుగు పంపే లేజరు ఆపేశాడు. కిటికీ సందులన్నిటికీ నల్లటేపు అంటించాడు. అయినా టిక్, టిక్.

"లైటు వెయ్యొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?" అని తలుపు అవతలున్న భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నా మీద ఎగురుతారేం? కరెంటు పోయి గంటైంది," అందామె.

యంత్రం నడిచేది బ్యాటరీ మీద. ఒళ్లుమండి, వెలుగును పట్టే దాని గాజు కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. టిక్కులు ఆగాయి. తీశాడు. మళ్లీ మొదలు.

రెండు చేతులతో జుట్టు పట్టుకుని, "ఇక ఆగి చావు!" అని అరిచాడు.

ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు, టక్కున ఆగింది.

అతని చేతులు రెండూ ఇంకా జుట్టులోనే ఉన్నాయి.